చూడటం తేలికైంది, దాచుకోవడమే మిగిలింది

ఇంటి నెట్‌వర్క్ మీద నడిచే సర్వర్ సంగతి ఎత్తితే ఎక్కువమంది ముందుగా అడిగేది సినిమాల గురించే. ఏ పెట్టె కొనాలి, ఫోర్‌కే సినిమా ఆగకుండా వస్తుందా, ఫోన్లో కూడా చూడొచ్చా అని. నాస్ అని పిలుస్తున్న ఈ పెట్టెలో పెద్ద మర్మమేమీ లేదు. రెండో నాలుగో హార్డ్ డిస్కులు, వాటిని నడిపే చిన్న కంప్యూటర్, రూటర్‌కు వెళ్లే ల్యాన్ కేబుల్, అంతే. హాల్లో టీవీ, చేతుల్లో ఫోన్లు, పిల్లల ల్యాప్‌టాప్ అన్నీ తమకు కావలసింది దాన్ని అడిగి తెచ్చుకుంటాయి. అలా తెచ్చుకోవడంలో ఒకప్పుడున్న ఇబ్బందులు గడచిన ఇరవై ఏళ్లలో చాలావరకు తీరాయి. తీరనివి వేరే ఉన్నాయి. ఆ ఫైళ్లు పదేళ్ల తర్వాత కూడా ఉంటాయా? వేరే ఊళ్లో ఉన్నవాళ్లు వాటిని క్షేమంగా అందుకోగలరా? నడిపే మనిషి లేని రోజున ఇంట్లోవాళ్లకు దారేది? నా దృష్టిలో ఇంటి సర్వర్ విలువ తేలేది ఈ మూడు ప్రశ్నల దగ్గరే.

ఓటీటీలు ఇన్ని ఉండగా ఇదంతా ఎందుకన్న మాటకు జవాబు చరిత్రలోనే ఉంది. 2009లో అమెజాన్, జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ ప్రతులను కొనుక్కున్న పాఠకుల కిండిల్‌లలోంచి తీసేసింది. 2023 డిసెంబరులో సోనీ, ప్లేస్టేషన్‌లో జనం డబ్బు పెట్టి కొన్న డిస్కవరీ కార్యక్రమాలు ఇక కనిపించవని ప్రకటించి, గొడవ జరిగాక వెనక్కి తగ్గింది. 2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. డిజిటల్ సరుకుకు ‘కొనండి’ అనే బటన్ పెట్టాలంటే, మీకు దక్కేది సొంతం కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని ముందే స్పష్టంగా చెప్పాలని దాని సారాంశం. ఫొటోలదీ ఇదే దారి. గూగుల్ ఫొటోస్‌లో పరిమితి లేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగిపోయింది. అప్పటిదాకా నిశ్చింతగా ఉన్న కుటుంబాలు 15 జీబీ లెక్కలోకి వచ్చిపడ్డాయి.

అయినా కొత్త సినిమాల కోసమే అయితే ఈ శ్రమ అక్కర్లేదనే నేనంటాను. అవి ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటాయి. దొరకనిది మన బీరువాలో ఉంది. తొంభైల్లో వీహెచ్‌ఎస్ క్యాసెట్ మీద తీసిన పెళ్లి, ఆ తర్వాత డీవీడీల్లోకి వచ్చిన గృహప్రవేశం, ఇప్పుడు స్టూడియోవాళ్లు పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్కులోనో ఇచ్చే రిసెప్షన్, తాతయ్య గొంతు పట్టిన ఆడియో క్యాసెట్, నాయనమ్మ పాడిన మంగళహారతి. ఇవి ఏ కంపెనీ దగ్గరా లేవు. టేపు ఏటేటా పాడవుతుంది, ఇంట్లో రాసిన డీవీడీ కూడా శాశ్వతం కాదు. ఇంటి సర్వర్‌ను వీటి కోసమే పెట్టుకున్నామనుకుంటే, ఏ ఫార్మాట్, ఏ డిస్కు, ఏ యాప్ అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు మారిపోతుంది.

ఫైళ్లు అందించే పద్ధతులు పాతవే. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్ తెచ్చింది. ఐబీఎంలో పుట్టి మైక్రోసాఫ్ట్ చేతిలో పెరిగిన ఎస్‌ఎంబీ, విండోస్‌లో ‘షేర్డ్ ఫోల్డర్’గా అందరికీ తెలిసినదే. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి 1990ల మొదట్లో, తీగ మీద పోయే సమాచారాన్ని గమనిస్తూ ఆ భాషను అర్థం చేసుకుని, యునిక్స్ యంత్రాలు కూడా విండోస్‌తో మాట్లాడేలా ఒక ప్రోగ్రాం రాశాడు. అదే సాంబా. బజారులో దొరికే నాస్ పెట్టెల్లో చాలావాటిలో ఫోల్డర్లు పంచేది ఇప్పటికీ అదే. ఇంటి సర్వర్ చరిత్రలో ఇంతటి ఉపకారం చేసిన ప్రోగ్రాం ఇంకోటి లేదని నా నమ్మకం.

టీవీల సంగతి వేరు. 2003లో సోనీ, ఇంటెల్ ముందుండి డీఎల్‌ఎన్‌ఏ అనే ఉమ్మడి సంస్థను పెట్టాయి. ఏ కంపెనీ టీవీ అయినా ఏ కంపెనీ సర్వర్‌నైనా గుర్తుపట్టాలని వాళ్ల ఆశ. గుర్తుపట్టడం వరకు బాగానే కుదిరింది. ఫైలు ఆడటమే కుదరలేదు. ఒక టీవీకి ధ్వని నచ్చదు, ఇంకోదానికి సబ్‌టైటిల్ కనబడదు, మరోదాంట్లో ముందుకు జరిపితే మొదటికి వస్తుంది. 2017లో ఆ సంస్థ మూతపడింది, ప్రమాణం మాత్రం టీవీల్లో మిగిలింది. వేరే మార్గమేదీ లేనప్పుడు పనికొస్తుంది, అంతవరకే.

తర్వాత వచ్చిన పరిష్కారాలు రెండు పాయలుగా చీలాయి. మొదటిది తెలివంతా చూసే పరికరంలోనే పెట్టింది. ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టె మీద 2002-03 ప్రాంతంలో మొదలై, 2014లో కోడి అని పేరు మార్చుకున్న ప్లేయర్ ఈ కోవది. సర్వర్ ఫోల్డర్ తెరిచి పెడితే చాలు, మిగిలినదంతా కోడి చూసుకుంటుంది. రెండోది తెలివిని సర్వర్‌లో పెట్టింది. కోడి పాత రూపం నుంచే చీలి వచ్చిన ప్లెక్స్, ఆ తర్వాత ఎంబీ ఇలాంటివి. పోస్టర్లు, నటీనటుల వివరాలు, ఎక్కడిదాకా చూశామో ఆ గుర్తు అన్నీ సర్వర్ దగ్గరే ఉంటాయి. ఎంబీ తన సోర్సు కోడ్‌ను మూసేసినప్పుడు, 2018 డిసెంబరులో కొందరు దాని చివరి బహిరంగ రూపాన్ని తీసుకుని జెల్లీఫిన్‌ను మొదలుపెట్టారు. ప్లెక్స్‌కు నునుపు ఎక్కువ, యాప్‌లు దాదాపు ప్రతి టీవీలోనూ ఉన్నాయి. కానీ 2025 ఏప్రిల్ చివర్లో అది జీవితకాల చందాను దాదాపు 120 డాలర్ల నుంచి 250కి పెంచింది, ఇంటి బయటి నుంచి సొంత ఫైళ్లు చూసుకోవడాన్ని కూడా డబ్బు కట్టాల్సిన సౌకర్యాల్లో చేర్చింది. జెల్లీఫిన్‌కు లాగిన్ కోసం ఏ కంపెనీ ఖాతా అక్కర్లేదు, డబ్బులూ అక్కర్లేదు. ఎవరికీ తల వంచకుండా ఉండాలని పెట్టుకున్న సర్వర్‌కు అదే సరైన జోడీ అని నా అభిప్రాయం. టీవీ యాప్‌లో అక్కడక్కడా మెరుగు తక్కువైనా సరే.

ఇక ఎక్కువమంది తికమకపడే చోటు ట్రాన్స్‌కోడింగ్. ఫైలు టీవీకి అర్థమయ్యేదైతే సర్వర్ చేసే పని చాలా తక్కువ. డిస్కు మీంచి చదివి పంపేస్తుంది. దీన్ని డైరెక్ట్ ప్లే అంటారు. అర్థం కానిదైతే సర్వర్ అప్పటికప్పుడు మొత్తం వీడియోను విప్పి, వేరే పద్ధతిలో మళ్లీ కుదించి పంపాలి. చిన్న ప్రాసెసర్ ఉన్న పెట్టెకు ఇది మోయలేని బరువు. 2011 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో వస్తున్న క్విక్ సింక్ వంటి ప్రత్యేక భాగాలు ఈ పనిని తేలిక చేస్తాయి. అందుకే ‘ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నదే కొనండి’ అన్న సలహా ఎక్కడ చూసినా వినిపిస్తుంది. సలహా తప్పు కాదు. కానీ ట్రాన్స్‌కోడింగ్ అవసరమే రాకుండా చేసుకోవడం అంతకన్నా మేలైన దారి.

ఇప్పటి పెళ్లి వీడియోనే తీసుకోండి. ఫోర్‌కే కెమెరాలు సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేయడం మామూలే. గంటకు 45 జీబీ అవుతుంది. ఆ ఒరిజినల్ ఫైలునే సర్వర్‌లో పెట్టి టీవీలో తెరిస్తే నిమిషానికోసారి ఆగుతుంది. వైఫై బాగాలేదేమో అనుకుని గోడ వెంబడి కేబుల్ లాగి టీవీకి పెడితే ఇంకా ఎక్కువ ఆగవచ్చు. కారణం, చాలా స్మార్ట్ టీవీల్లో, ఖరీదైనవాటిలో కూడా, ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లదే. అదే టీవీలోని 5 గిగాహెర్ట్జ్ వైఫై, రూటర్ దగ్గరగా ఉంటే, అంతకన్నా వేగంగా అందుకోగలదు. సర్వర్, రూటర్‌ల మధ్య గిగాబిట్ కేబుల్ సెకనుకు 110 మెగాబైట్ల దాకా మోస్తుంది కాబట్టి తప్పు సర్వర్‌ది కాదు. ఇక్కడ ఖరీదైన నాస్ కొని ట్రాన్స్‌కోడ్ చేయించడం కన్నా, ఒరిజినల్‌ను ఒక ఫోల్డర్లో కదపకుండా ఉంచి, చూసుకోవడానికి 1080పీలో, హెచ్.264లో, సెకనుకు 8 నుంచి 10 మెగాబిట్లకు మించని ఇంకో కాపీ ఒక రాత్రి కంప్యూటర్ మీద తయారుచేసుకోవడం తెలివైన పని. గంటకు నాలుగున్నర జీబీ లోపే. హెచ్.264 ప్రమాణం 2003 నాటిది, దాన్ని ఆడించని టీవీ, ఫోన్ ఈరోజు దాదాపు లేవు. డల్లాస్‌లో ఉన్న కూతురు చూసేదీ, ఊళ్లో అమ్మమ్మ టీవీలో చూసేదీ ఆ ఒక్క కాపీనే. సర్వర్ మీద ఏ భారమూ పడదు. పాత ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది.

ట్రాన్స్‌కోడింగ్‌ను సర్వర్ తయారీదారు మీద వదిలేస్తే వచ్చే ఇబ్బంది ఇంకోటుంది. 2024 ఆగస్టులో తైవాన్ కంపెనీ సైనాలజీ తన కొత్త సాఫ్ట్‌వేర్‌లో వీడియో స్టేషన్ అనే సొంత యాప్‌ను తీసేసింది. హెచ్.265 వీడియోను విప్పే పనిని కూడా సర్వర్ నుంచి చూసే పరికరాలకు మార్చింది. ఆ యాప్‌ను నమ్ముకుని ఏళ్ల తరబడి సర్దుకున్నవాళ్లు కొత్తది వెతుక్కోవలసి వచ్చింది.

తెలుగు ఇళ్లకు మాత్రమే ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. వీటి గురించి రాసేవాళ్లు తక్కువ. సర్వర్ సినిమా పేరు చూసి వివరాలు తెచ్చుకుంటుంది. ‘దేవదాసు’ అని మాత్రమే పెడితే 1953 నాటి అక్కినేని సినిమాకు 2006 నాటి పోస్టర్ అతుక్కోవచ్చు, 1974లో కృష్ణ నటించినది కూడా ఉంది. ‘మాయాబజార్’ 1957లోనూ 2006లోనూ వచ్చింది. ఫైలు పేరులో బ్రాకెట్లో సంవత్సరం రాస్తే ఈ గొడవ ఉండదు. సబ్‌టైటిల్ ఫైలును సినిమా పేరుతోనే పెట్టి, చివర తెలుగు భాషా సంకేతం చేర్చి, యూటీఎఫ్-8లో భద్రపరిస్తే సర్వర్ దాన్ని తెలుగుగా గుర్తిస్తుంది. గుర్తించినంత మాత్రాన తెర మీద సరిగా కనబడుతుందని కాదు. కొన్ని టీవీల్లో తెలుగు అక్షరాల బదులు పెట్టెలు వస్తాయి. కొన్నిటిలో అక్షరాలు ఉన్నా వత్తులు విడిపోయి ‘స్త్రీ’ మూడు ముక్కలవుతుంది. అప్పుడు సర్వర్‌లో నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్ పెట్టి, జెల్లీఫిన్ అమరికల్లో ప్రత్యామ్నాయ ఫాంట్‌గా చూపితే కొన్ని యాప్‌లలో దారికొస్తుంది. చివరి మార్గంగా సబ్‌టైటిల్‌ను వీడియోలోనే అచ్చు వేయించుకోవచ్చు. అది కూడా ఒక్కసారి కంప్యూటర్ మీద చేసి పెట్టుకోవడమే మంచిది, చూసిన ప్రతిసారీ సర్వర్‌తో చేయించడం కాదు.

ఫోల్డర్ల పేర్లు తెలుగులో పెట్టుకునేవాళ్లకు ఇంకొకటి. ‘హైదరాబాద్’లో హ మీది ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా ఒకటి, ఎత్వం, దాని కింద చేరే గుర్తు విడివిడిగా ఇంకొకటి. విండోస్‌లో టైపు చేస్తే మొదటి రకం వస్తుంది. పాత మ్యాక్ డిస్కులు పేరును రెండో రకంగా విడదీసి దాస్తాయి. లైనక్స్ సర్వర్‌కు కంటికి కనబడే రూపంతో పనిలేదు, లోపలి సంకేతాలే ముఖ్యం. అందుకని పాత మ్యాక్ డిస్కు నుంచి నేరుగా కాపీ చేసిన తర్వాత ‘హైదరాబాద్ 2012’ అనే ఫోల్డర్లు రెండు, అక్షరం తేడా లేకుండా పక్కపక్కనే కనిపిస్తాయి. సగం ఫొటోలు ఒకదానిలో, సగం ఇంకోదానిలో. ఫొటోలు పోయాయని కంగారుపడనక్కర్లేదు. ఒక ఫోల్డర్‌కు వేరే పేరు పెట్టి రెండింటినీ కలిపేస్తే సరి.

ఫొటోలకు ఇప్పుడు మంచి కాలమే వచ్చింది. 2022లో మొదలైన ఇమ్మిచ్ అనే ఉచిత ప్రోగ్రాం ఫోన్‌లో తీసిన ఫొటోలను ఇంటి సర్వర్‌కు దానంతటదే చేరుస్తుంది, ముఖాలు గుర్తుపట్టి మనిషి వారీగా చూపిస్తుంది. ఆ గుర్తుపట్టడమంతా మన ఇంటి యంత్రంలోనే జరుగుతుంది. 2025 అక్టోబరులో దాని స్థిరమైన రూపం వచ్చింది. పత్రాలు, రసీదులు, పిల్లల సర్టిఫికెట్ల వంటివాటికి 2016లో మొదలైన నెక్స్ట్‌క్లౌడ్ ఉంది. ఫోల్డర్లను రెండు కంప్యూటర్ల మధ్య ఒకేలా ఉంచడమే కావాలంటే సింక్‌థింగ్ చాలు.

ఇంటి గడప దాటి చూడాలనుకున్నప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. మన దేశంలో చాలా ఫైబర్ కనెక్షన్లలో వందల ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామా ఉంటుంది. ఐపీవీ4 చిరునామాలు చాలకపోవడం వల్ల కంపెనీలు పెట్టుకున్న ఏర్పాటు ఇది, దీన్నే సీజీన్యాట్ అంటారు. మీ ఇల్లు ఆ గుంపులో ఉందో లేదో తెలుసుకోవడం సులువు. రూటర్ పేజీ తెరిచి అందులో వాన్ చిరునామా చూడండి. అది 100.64తో మొదలుకొని 100.127 వరకు ఉన్న వరుసలో ఉంటే సీజీన్యాట్ వెనకే ఉన్నట్టు. అప్పుడు రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్లకు తలుపు కనబడదు. చిరునామాల కొరత లేని కొత్త పద్ధతి ఐపీవీ6 వాడకంలో భారత్ ప్రపంచంలో ముందు వరుసలో ఉంది కాబట్టి ఆ దారి కొన్నిచోట్ల పనిచేస్తుంది. కానీ అవతల చూసేవాళ్ల దగ్గర కూడా ఐపీవీ6 ఉండాలి, రూటర్ అడ్డు చెప్పకూడదు.

చిరునామా దొరికినా సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం తప్పు. ఈ మాట గట్టిగా అంటున్నాను, ఎందుకంటే దీనివల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. 2014 ఆగస్టులో సైనోలాకర్ అనే దాడి సైనాలజీ పెట్టెల్లోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్, క్యూనాప్ పెట్టెల్లోని ఫైళ్లను మామూలు 7-జిప్‌తో పాస్‌వర్డు పెట్టి మూసేసి 0.01 బిట్‌కాయిన్ అడిగింది. మరుసటి ఏడాది జనవరిలో డెడ్‌బోల్ట్ వచ్చింది. 2021 జూన్‌లో మై బుక్ లైవ్ అనే పాత పెట్టెలు వాడుతున్నవాళ్లు తెల్లారి లేచేసరికి డిస్కులు ఖాళీ. వాటికి సాఫ్ట్‌వేర్ మరమ్మతులు ఆగి అప్పటికే ఆరేళ్లయింది. ఇంటి సర్వర్ నుంచి ఆఫీసు దాకా ప్రమాదం పాకిన ఉదాహరణ కూడా ఉంది. 2022లో పాస్‌వర్డులు దాచే కంపెనీ లాస్ట్‌పాస్‌లో చోరీ జరిగినప్పుడు, దొంగలు ఒక ఇంజనీరు ఇంటి కంప్యూటర్‌లోకి పాత ప్లెక్స్ లోపం ద్వారా దూరారు. ఆ లోపాన్ని ప్లెక్స్ 2020 మేలోనే సరిచేసింది, ఆ యంత్రంలో మాత్రం ఆ మరమ్మతు చేరలేదు. ఇంటి లోపలి నెట్‌వర్క్ అయినా ఎస్‌ఎంబీ మొదటి రూపాన్ని మూసేయాలి. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ పాత రూపంలోని లోపం మీదుగానే, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ‘పాత మీడియా ప్లేయర్ అడుగుతోంది’ అని దాన్ని తిరిగి తెరవడం కన్నా ప్లేయర్‌నే మార్చడం నయం.

మరి దారేమిటంటే వీపీఎన్. 2020 మార్చిలో లైనక్స్ కెర్నెల్‌లోకి చేరిన వైర్‌గార్డ్ దీన్ని నిజంగా ఇళ్లలోకి తెచ్చింది. దాని మీద కట్టిన టెయిల్‌స్కేల్ వంటి సేవలతో సీజీన్యాట్ గొడవ కూడా పోతుంది. సర్వర్‌లో ఒకసారి, ఫోన్లో ఒకసారి పెట్టి ఒకే ఖాతాతో తెరిస్తే రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. బయటికి ఏ తలుపూ తెరవక్కర్లేదు. నేరుగా కలిసే దారి దొరకనప్పుడు మధ్యలో ఇంకో సర్వర్ మీదుగా వెళ్తుంది, అప్పుడు వేగం పడిపోతుంది. ఆండ్రాయిడ్ టీవీలోనూ ఆపిల్ టీవీలోనూ ఈ యాప్ దొరుకుతుంది కానీ అన్ని టీవీల్లో లేదు. అలాంటి ఇంటికి ఒక చిన్న ఆండ్రాయిడ్ టీవీ స్టిక్ కొని పెట్టడమే సులువు. ఇక వేగం విషయంలో బేరం చేసేటప్పుడు డౌన్‌లోడ్ ఎంత అని కాదు, అప్‌లోడ్ ఎంత అని అడగాలి. మన ఇంటి నుంచి అమెరికాకు వెళ్లేది అప్‌లోడే.

డిస్కుల మీద అపోహలు ఎక్కువ. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం రాసే రెయిడ్ పద్ధతిని బ్యాకప్ అనుకోవడం వాటిలో మొదటిది. 1988లో బర్క్‌లీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఈ ఆలోచనను పరిశోధనా పత్రంగా ప్రచురించారు. డిస్కు పోయినా పని ఆగకూడదన్నదే దాని ఉద్దేశం. పొరపాటున ఫోల్డర్ చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. తాళం వేసే వైరస్ రెండింటికీ వేస్తుంది. పిడుగు పడినా దొంగ పట్టుకుపోయినా రెండూ కలిసే పోతాయి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారం చేసిన 3-2-1 సూత్రం ఇప్పటికీ సరైనదే: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, అందులో ఒకటి వేరే చోట. నాలుగు డిస్కుల పెట్టె కొనే డబ్బు ఉంటే, రెండు డిస్కుల పెట్టె కొని మిగిలిన డబ్బుతో వేరే ఊళ్లో ఇంకో డిస్కు పెట్టమంటాను.

వేరే ఊరు మన కుటుంబాలకు కొత్త కాదు. గుంటూరులో ఒకటి, డల్లాస్‌లో ఒకటి సర్వర్ పెట్టుకుని, రాత్రిపూట ఒకదాని కొత్త ఫైళ్లు ఇంకోదానికి వెళ్లేలా చేసుకోవచ్చు. మారిన భాగాలను మాత్రమే పంపే ఆర్‌సింక్ ఇందుకు చాలు. సాంబా రాసిన ట్రిడ్జెల్, పాల్ మెకరాస్‌తో కలిసి 1996లో విడుదల చేసిన ప్రోగ్రామే అది. ముప్పై ఏళ్ల నాటి ఆ పని ఇప్పటికీ ఖండాలు దాటి నడుస్తోంది. మొదటిసారి మాత్రం నెట్ మీద పంపొద్దు. 2 టెరాబైట్లు, సెకనుకు 50 మెగాబిట్ల అప్‌లోడ్ నిండుగా దొరికినా, వెళ్లడానికి నాలుగు రోజులకు దగ్గరవుతుంది. సెలవులకు వచ్చినవాళ్ల సూట్‌కేసులో డిస్కు పంపించి, ఆ తర్వాత కొత్తవి మాత్రం నెట్ మీద పంపుకుంటే సరిపోతుంది. అవతలి సర్వర్ పాత రూపాలను స్నాప్‌షాట్లుగా దాచి ఉంచాలన్నది మరిచిపోకూడదు. లేకపోతే ఇక్కడ పాడైన ఫైలు అక్కడికీ పాడై చేరుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్ వ్యవస్థలు స్నాప్‌షాట్లతో పాటు, ఏళ్లు గడిచేకొద్దీ డిస్కులో తనంతట తానే మారిపోయిన బిట్లను కూడా పట్టుకుంటాయి. బ్యాకప్ ఉందనుకోవడం వేరు, అందులోంచి ఒక ఫొటో తీసి తెరిచి చూడటం వేరు. రెండోది ఏడాదికి ఒకటి రెండుసార్లు చేయాలి.

డిస్కులు కొనేటప్పుడు కంపెనీ ‘నాస్ కోసం’ అని రాసిన ముద్రను మాత్రమే నమ్మితే చాలదు. వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ వరుసలో కొన్ని డిస్కుల్లో ఎస్‌ఎంఆర్ అనే రాత పద్ధతిని చెప్పకుండా వాడుతోందని 2020లో బయటపడింది. రెయిడ్‌లో పోయిన డిస్కు బదులు కొత్తది పెట్టినప్పుడు ఆ పద్ధతి చాలా నెమ్మదిస్తుంది. 2025లో సైనాలజీ తన కొత్త పెట్టెల్లో తాను ఆమోదించిన డిస్కులే వాడాలని నిబంధన పెట్టి, కొనుగోలుదారుల నిరసన తర్వాత అక్టోబరులో సడలించింది. రెడీమేడ్ పెట్టె సౌకర్యంగా ఉంటుంది. కానీ తర్వాత ఏ నిబంధన వస్తుందో మన చేతుల్లో ఉండదు. ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్ వంటి ఉచిత వ్యవస్థలతో సొంతంగా కట్టుకుంటే ఆ బెంగ లేదు. కాస్త చదువుకునే ఓపిక కావాలి.

కరెంటు లెక్క చెప్పాలంటే, సగటున 20 వాట్లు తీసుకునే పెట్టె నెలకు 14 యూనిట్ల పైచిలుకు కాలుస్తుంది. ఖర్చు కన్నా కోతలే పెద్ద బెడద. ఇన్వర్టర్ ఉన్నా దాని బ్యాటరీ అయిపోతోందని సర్వర్‌కు చెప్పేవాళ్లు లేరు. యూఎస్‌బీ తీగతో సర్వర్‌కు సంకేతం పంపే చిన్న యూపీఎస్ పెడితే, దాని బ్యాటరీ అయిపోకముందే సర్వర్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోతుంది. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే మన ఊళ్లలో టీవీ కింద మూసిన అరలో సర్వర్ పెట్టడం డిస్కుల ఆయుష్షును మనమే తగ్గించడం. హార్డ్ డిస్కులకు తయారీదారులు రాసే గరిష్ఠ పరిమితి సాధారణంగా 60, 65 డిగ్రీలు, మూసిన అరలో అది ఎంతో దూరం కాదు.

చట్టం గురించి ఒక్క మాట. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మన దేశంలో సినిమా మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు. అంటే అదే 1957లో వచ్చిన ‘మాయాబజార్’పై సినిమాగా ఉన్న హక్కు 2017 చివరితో ముగిసింది. పాటల రచన, సంగీతం హక్కుల లెక్క వేరు. 2010లో విడుదలైన రంగుల ప్రతి సంగతి కూడా విడిగా చూడాల్సిందే. కొత్త సినిమాల దొంగ కాపీలు ఇంటి సర్వర్‌లో ఉన్నంత మాత్రాన సొంతం కావు. ఆ సినిమా కోసం ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు రావలసింది మనం ఎగ్గొడుతున్నట్టే.

ఇంటి సర్వర్ ఏర్పాట్లన్నిటిలో బొత్తిగా పట్టించుకోనిది అప్పగింత. చాలా ఇళ్లలో పాస్‌వర్డులు తెలిసిన మనిషి ఒక్కరే. డిస్కుకు ఎన్‌క్రిప్షన్ పెట్టి ఆ తాళం ఎవరికీ చెప్పకపోతే, ఆ మనిషి లేనప్పుడు ముప్పై ఏళ్ల ఫొటోలు ఎవరూ తెరవలేని ఇనప ముక్కలవుతాయి. ఇంట్లో భద్రంగా ఉండే కాగితాల్లో, పట్టాదారు పాస్‌పుస్తకం పక్కన, ఒక పేజీ ఉండాలి. సర్వర్ ఏది, అడ్మిన్ పాస్‌వర్డు ఏమిటి, ఎన్‌క్రిప్షన్ తాళం ఏమిటి, రెండో కాపీ ఏ ఊళ్లో ఎవరి దగ్గర ఉంది, ఒరిజినల్ పెళ్లి వీడియోలు ఏ ఫోల్డర్లో ఉన్నాయి అని తెలుగులో, చేత్తో రాసి. పెట్టె చెడిపోతే ఏం చేయాలో కూడా అందులో రాయాలి. సైనాలజీ వంటి పెట్టెల్లోని డిస్కులు వాడేది లైనక్స్ పద్ధతులే. వాటిని తీసి ఉబుంటు ఉన్న మామూలు కంప్యూటర్‌కు తగిలిస్తే, పని తెలిసిన కుర్రాడు ఒక పూటలో చదివించగలడు. ఏ డిస్కు ఏ అరలోదో గుర్తుండేలా వాటి మీద 1, 2 అని మార్కర్‌తో రాసి పెట్టండి.